పాత వైరింగ్ ఉన్న ఇల్లు కొన్నాము, ఎం.సి.బి.లు పెట్టిస్తే సరిపోతుందా?

ప్రశ్న:
సుమారు 50 ఏళ్ల కిందట కట్టిన ఇల్లు ఈమధ్యే కొన్నాము. రంగులు వేయించేముందు ఒక స్విచ్ బోర్డు విప్పించి చూస్తే, వైర్ల మీది రబ్బరు తొడుగు వేలు తగిలీ తగలకముందే పెళుసుగా రాలిపోయింది. ఒక ఫ్యూజులో సన్నని ఫ్యూజు తీగకు బదులు మెలిపెట్టిన లావుపాటి రాగి తీగ ఉంది. సాకెట్లకు మూడో (ఎర్తు) రంధ్రం ఉంది గాని, దాని వెనుక వైరే లేదు. ఫ్యూజులు తీసేసి ఎం.సి.బి.లు (కరెంటు మితిమీరితే వాటంతటవే ఆగే స్విచ్‌లు) పెడితే చాలునని పని చూడటానికి వచ్చినతను అంటున్నాడు. అది చాలునా, లేక గోడలు పగలగొట్టి అంతా మార్పించుకోవాలా?

మొదటి జవాబు (వైరింగ్ పని చేసేవాణ్ణి):
చాలదండీ. వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు వెళ్లకుండా ఆపడమే ఎం.సి.బి. పని, రాలిపోయిన తొడుగును అది తిరిగి తేలేదు. అంత కరెంటు మోయలేని 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని వైరుకు 32 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టేవారూ ఉన్నారు, అది ఆ రాగి తీగకు కొత్త వేషం మాత్రమే. ముందుగా ఆ ఫ్యూజు ఉన్న లైనును ఈ రోజే వాడకంలోంచి తీసేయించండి. తరువాత, మెయిన్ ఆపి, పరికరాలన్నీ విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే పరికరం) పరీక్ష చేయించండి. కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలి, మంచి వైరింగులో అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. అయితే ఒక మెలిక ఉంది: తొడుగు ఊడిన రెండు తీగలు ఒకదానికొకటి తగలకుండా పొడిగా ఉన్నంతసేపు మెగ్గర్ మంచి అంకెనే చూపుతుంది. కాబట్టి వేలితో రాలే రబ్బరును అంకె బాగుందని వదిలేయకండి. గోడలో పైపులు ఉంటే పగలగొట్టక్కరలేదు. పాత వైరుకే కొత్తవి కట్టి లాగవచ్చు, ఎర్తు వైరుతో సహా.

రెండవ జవాబు:
మా పాత ఇంట్లో ఫేజుకూ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌కూ (అది తిరిగి వెళ్లే తీగ) విడివిడిగా ఫ్యూజులుండేవి. ఒకసారి న్యూట్రల్ ఫ్యూజు కాలి ఫ్యాను ఆగితే, కరెంటు పోయిందనుకుని మావారు రెగ్యులేటరు విప్పబోయి షాక్ తిన్నారు. పరికరం పనిచేయకపోయినా ఫేజు అక్కడే ఉందన్నమాట! ఎర్తు సంగతి మరీ విచిత్రం: ఆకుపచ్చ వైరును ఇనుప నీటి పైపుకు కట్టారు, ఆ పైపును ఎవరో తరువాత ప్లాస్టిక్‌తో మార్చారు. కాబట్టి వైరు కనబడితే ఎర్తు ఉన్నట్టేనని అనుకోకుండా కొలిపించండి.

ప్రశ్న అడిగినవారు:
ఎర్తు పని పూర్తయ్యేలోగా ఆర్.సి.సి.బి. (కరెంటు నేలలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టుకోవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
తప్పకుండా పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లదే. కాని అది ఎర్తుకు బదులు కాదు. ఎర్తు లేని ఫ్రిజ్ రేకుకు ఫేజు తగిలితే, ఎవరో ఒకరు ముట్టుకునేవరకు దానికి తెలియదు. ముట్టుకున్నాక, ఆ మనిషి ఒంటి ద్వారా నేలలోకి పోయే కరెంటును చూసి సరఫరా ఆపేస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి పట్టుకున్నవారిని మాత్రం అది గుర్తించలేదు. పాత ఇళ్లలో రెండు లైన్లకు ఒకే న్యూట్రల్ వాడిన చోట అది మాటిమాటికీ దానంతటదే ఆఫ్ అయిపోవచ్చు. అప్పుడు విసుగెత్తి దాన్ని బైపాస్ చేయనివ్వకండి. ఆ కలిసిన న్యూట్రల్‌ను వెతికి విడదీయించండి. స్నానాల గది, వంటగది లైన్లతో పని మొదలుపెడితే మంచిది.