అప్‌డేట్: 5 నెలల తర్వాత బైక్ స్టార్ట్ అయింది

అమెరికాలోని మినియాపొలిస్ చలికి గరాజ్‌లో మూలపడే బైక్ ఇంజిన్‌కు ఏం చేయాలని నవంబరులో అడిగాను కదా. మీరన్నట్టే ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ ద్రవం కలిపి, అది కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) దాకా చేరేలా 10 నిమిషాలు నడిపాను. ఇంజిన్ వేడి మీదుండగానే ఆయిల్ మార్చేశా. పాత ఆయిల్లో చేరిన తేమ, ఆమ్లాలు లోపలి భాగాలను తినేస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. బ్యాటరీ ఇంట్లోకి తెచ్చి మెయింటెయినర్‌కు (ఛార్జ్ తగ్గకుండా చూసే చిన్న ఛార్జర్) తగిలించాను.

వారానికోసారి స్టార్ట్ చేయమని మా బాబాయ్ ఒకటే పోరు. వినలేదు. కాసేపు నడిపితే ఇంజిన్ సరిగా వేడెక్కదు, తేమ లోపలే మిగులుతుంది.

నిన్న రెండో నొక్కుకే స్టార్ట్! ఎలుకలు దూరకుండా నవంబరులోనే సైలెన్సర్‌లో గుడ్డ కుక్కాను కానీ ఎయిర్ ఫిల్టర్ వైపు మరిచాను. అక్కడ ఎలుక గూడు! స్టార్ట్ చేసేముందే తెరిచి చూశాను కాబట్టి సరిపోయింది.