మెదడులో తీగ పెట్టడానికి స్కాన్ మ్యాపే భరోసానా?

నాగావళి గట్టు: మా పెదనాన్న కొడుక్కి ఓసీడీ. మందులు, కౌన్సెలింగ్ అన్నీ అయ్యాయి, కడిగిన చెయ్యే మళ్ళీ కడుగుతాడు, గడప దాటాలంటే గంట. విశాఖలో ఎవరో డీబీఎస్ గురించి చెప్పారంట, మెదడుకి సన్నగా కరెంటు ఇచ్చే ఆపరేషన్, పుర్రెకి కన్నం పెట్టి లోపలికి తీగ, ఛాతీలో బ్యాటరీ. స్కాన్ చూసే పెడతారు గాబట్టి భయం లేదంటున్నారు ఇంట్లో. ఏటంటారు?

కోట జంక్షన్: స్కాన్ ఉంటేనే నాను ఒప్పుకుంటాను. డిప్రెషన్లో చూడండి, 2005లో హెలెన్ మేబర్గ్ అనే మెదడు డాక్టరు టీమ్, పెట్ స్కాన్లలో అతిగా పనిచేస్తున్నట్టు కనబడిన ఏరియా 25 అనే మెదడు భాగం దగ్గర తీగలు పెడితే ఆరుగురిలో నలుగురికి తగ్గింది. తర్వాత పెద్ద ట్రయల్ ఫెయిలైంది, సరే. కానీ 2018లో ఎమ్మారైతో ఒక్కొక్కరి మెదడులో నరాల దారులు గీసుకుని, నాలుగు దారులు కలిసే చోటు చూసి పెడితే 11 మందిలో 8 మందికి ఆరు నెలల్లో తగ్గింది.

పలాస కుర్రోడు: ఆ 11 మందికీ కరెంటు ఆన్‌లో ఉందని తెలుసు కదా గురూ, పోల్చడానికి ఆఫ్ గ్రూపేదీ? మీరు ఒక్క ముక్కలో దాటేసిన ట్రయల్లో 90 మందికి తీగలు పెట్టి, ఎవరికి ఆన్ చేశారో చెప్పకుండా ఉంచితే ఆరు నెలలకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఆ రంగురంగుల నరాల బొమ్మ ఫొటో కాదు, మెదడులో నీళ్ళు ఎటు కదుల్తున్నాయో కొలిచి కంప్యూటర్ గీసే అంచనా. బొమ్మ చూసి ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టేస్తారు, నా భయం అదీ.

కోట జంక్షన్: ఆరు నెలలకే ఆపేస్తే ఎలగ? వాళ్ళనే రెండేళ్ళు చూస్తే దగ్గర దగ్గర సగం మందికి తగ్గింది.

పలాస కుర్రోడు: అప్పటికి అందరికీ ఆన్ చేసేశారు బాబూ!!

బొబ్బిలి అమ్మాయి: ఆయన అడిగింది ఓసీడీ, మీరు కొట్టుకుంటున్నది డిప్రెషన్ మీద. ఓసీడీకి అమెరికాలో 2009లో అనుమతిచ్చారు, అదీ వేరే దారి లేని కొద్దిమందికని ఇచ్చే ప్రత్యేక అనుమతి, పనిచేస్తాదని పూర్తి రుజువు అడగరు దానికి. ఇక్కడైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం సైకోసర్జరీకి, అంటే మానసిక జబ్బుకని మెదడుకి చేసే ఆపరేషన్‌కి, రోగి సమ్మతి, పైన మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు అనుమతి, రెండూ కావాలి. డీబీఎస్ దాని కిందకొస్తాదో లేదో ఆస్పత్రి వాళ్ళని రాతలో అడగండి అన్నా. ఇంకోటి, తీగ పడ్డాక ఎక్కడ పడితే అక్కడ ఎమ్మారై తీయించకూడదు, వేడెక్కొచ్చు. ఇంతకీ కౌన్సెలింగ్ అంటే ఏటి చేశారు? మురికి ముట్టించి చెయ్యి కడగనివ్వకుండా కూర్చోబెట్టే ఈఆర్పీ చేశారా, ఉత్తి మాటలేనా?

నాగావళి గట్టు: ఉత్తి మాటలే చెల్లెమ్మా. ఈఆర్పీ పేరు ఇప్పుడే వింటున్నాం.

పలాస కుర్రోడు: మరింకేటి, అది అవ్వకుండా తీగ దాకా ఎలగెళ్ళిపోయారు?