పాత హెచ్‌ఓ (బొమ్మ రైళ్లలో ఒక సైజు) ఇంజిన్ టక్ టక్ అంటూ కుంటుతోంది, ఎక్కడ చూడాలి?

తార్నాక_నాన్న:
అందరికీ నమస్తే. రెండు వారాల కింద ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్ల కుప్పలో ఒక హెచ్‌ఓ డీజిల్ ఇంజిన్ కనిపించింది, గుండ్రంగా వేసుకునేంత పట్టాలు, కంట్రోలర్‌తో కలిపి ఎనిమిది వందలకు ఇచ్చాడు. మా బాబుకు ఏడేళ్లు, అదంటే ప్రాణం, రాత్రి దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు. రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, వేలితో తడితే మళ్లీ కదులుతుంది. రెండోది, నడిచినంతసేపూ టక్... టక్... అని కుంటుతున్నట్టు వెళ్తుంది, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ముందు భాగం కొంచెం ఎగురుతుంది. పట్టాలు సాండ్ పేపర్‌తో రుద్దాను, కుట్టు మిషను నూనె చక్రాలకీ మోటారుకీ అన్నిటికీ వేశాను. దాంతో ఒక పూట బాగా తిరిగింది, తర్వాత ఇంకా ఎక్కువగా ఆగుతోంది. విప్పాలంటే టెన్షన్‌గా ఉంది, పాడైతే వాడు ఏడుస్తాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కోఠి_సోల్డరింగ్:
అన్నా, సాండ్ పేపర్ ఇంక ముట్టుకోకండి. పట్టా మీద పడిన సన్న గీతల్లో మురికి ఇరుక్కుంటుంది, మళ్లీ తుడిచినా పోదు. నూనె సంగతీ అంతే, పట్టా మీద నూనె పొర ఉంటే మన ఊరి దుమ్మంతా దానికే అంటుకుని నల్లటి జిగురవుతుంది, కరెంటు చక్రంలోకి ఎక్కదు. కోఠి గుజరాతీ గల్లీలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా దొరుకుతుంది, అది తెచ్చుకోండి. పాత బనియన్ గుడ్డ దాంతో తడిపి పట్టాలన్నీ తుడవండి, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా. తర్వాత ఇంకో గుడ్డ తడిపి పట్టా మీద అడ్డంగా పరిచి, ఇంజిన్ ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు పట్టా మీద ఉండేలా చేత్తో పట్టుకుని కరెంటు ఇవ్వండి. ముందు చక్రాలు గుడ్డ మీద తిరుగుతూ వాటంతట అవే శుభ్రమవుతాయి. తర్వాత తిప్పి పెట్టి వెనకవి. ఒకవేళ మీ ఇంజిన్ ఒక జత చక్రాలతోనే కరెంటు తీసుకునే రకమైతే ఇలా తిరగదు, అప్పుడు ఇయర్ బడ్స్‌తో ఓపిగ్గా తుడవాలి.

తప్పు పట్టాలదా ఇంజిన్‌దా తేలాలంటే ఇంజిన్‌ను వెల్లకిలా పెట్టి 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లు పెట్టి ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి తాకించండి. ఆగకుండా తిరిగితే ఇంజిన్ లోపల వైరింగ్ బానే ఉంది, చూడాల్సింది పట్టాల్ని, వాటిని కలిపే క్లిప్పుల్ని. వదులైన క్లిప్పును కటింగ్ ప్లేయరుతో కొంచెం నొక్కితే చాలు. టక్ టక్ మాత్రం మురికి వల్ల రాదు, అది వేరే.

మౌలాలి_షెడ్_రిటైర్డ్:
బాబూ, పైన చెప్పింది సరైనదే, ముందు అది చెయ్యి. టక్ టక్ గురించి నేను చెబుతాను. ముప్పై ఏళ్లు అసలు ఇంజిన్ల కింద దూరాను, ఇప్పుడు మనవడి కోసం వీటిని విప్పుతున్నాను.

చప్పుడు ఎంత దూరానికి ఒకసారి వస్తుందో కొలిచావా? చక్రం వ్యాసం స్కేలుతో చూడు, దాన్ని 3.14తో గుణించు. నీది 11.5 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటే చుట్టుకొలత 36-38 వస్తుంది. పట్టా పక్కన కాగితం పెట్టి ఇంజిన్‌ను బాగా నెమ్మదిగా నడిపి టక్ అన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టు. గుర్తుల మధ్య దూరం ఆ లెక్కకు సరిపోతే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా వస్తోందన్నమాట, అంటే ఇరుసు మీద గేరు పగిలింది. అదే ఎప్పుడూ పట్టా అతుకు దగ్గరే వస్తే ఆ అతుకు చూసుకో.

చవక ఇంజిన్లలో ఇది మామూలుగా వచ్చే జబ్బు. అసలు ఇంజిన్‌లో ఇరుసు ఒకే ఉక్కు కడ్డీ. ఇందులో ఎడమ పట్టా కరెంటు కుడి పట్టా కరెంటుతో కలవకూడదు కాబట్టి ఇరుసు రెండు ముక్కలుగా చేసి, మధ్యలో ప్లాస్టిక్ గేరు గొట్టంలోకి అటొకటి ఇటొకటి బిగించి దూరుస్తారు. ఆ బిగుతుకే ప్లాస్టిక్ ఏళ్ల తరబడి లాగి లాగి ఒకరోజు వెంట్రుకవాసి పగులుతుంది. పగిలిన చోట రెండు పళ్ల మధ్య సందు పెద్దదవుతుంది, పక్క గేరు పన్ను అక్కడికి రాగానే ఎక్కి దిగుతుంది. నీకు వినిపించే టక్, కనిపించే ఎగురు రెండూ అవే.

ఇంకొకటి, పిల్లవాడు ఇంజిన్‌ను నేల మీద కారులా తోస్తున్నాడా? లోపల మోటారు షాఫ్ట్ మీద ఉండేది మర లాంటి గేరు. అది చక్రాల్ని తిప్పగలదు, చక్రాలు దాన్ని తిప్పలేవు. తోస్తే ఆ బలమంతా గేరు పళ్ల మీదే పడుతుంది.

అల్వాల్_నైట్‌షిఫ్ట్:
నాకూ ఇదే వచ్చింది, ఫెవిక్విక్ ఒక చుక్క వేస్తే వారం బాగా నడిచింది.

మౌలాలి_షెడ్_రిటైర్డ్:
వారమే కదా తమ్ముడూ. ఆ గేర్ల ప్లాస్టిక్ నున్నగా జారుడుగా ఉండే రకం, దానికి ఏ గమ్మూ నిలవదు. పైగా సందు అదే వెడల్పులో ఉండిపోతుంది, పళ్లు కలవవు. కొత్త గేరు వేయాల్సిందే. పళ్లు లెక్కపెట్టి, ఇరుసు మందం వెర్నియర్‌తో కొలిచి ఆన్‌లైన్‌లో ఆ కొలతలది తెప్పించుకోండి.

తార్నాక_నాన్న:
సార్, మీకు దండం. గుర్తుల మధ్య 37 మిల్లీమీటర్లు వచ్చింది. నిన్న రాత్రి బాబు పడుకున్నాక కింద మూత రెండు వైపులా చిన్న స్క్రూ డ్రైవర్‌తో ఎత్తితే ఊడింది. నాలుగు ఇరుసుల్లో మూడు బానే ఉన్నాయి, ముందుదాని గేరు మీద ఫోను లైటు వేసి చూస్తే రెండు పళ్ల మధ్య నల్లటి గీత, గోటితో మెలిపెడితే తెరుచుకుంటోంది. అవును, వాడు హాల్లో తోసేవాడు, పొద్దున చెప్పాను, అర్థం చేసుకున్నాడు. పట్టాలు, చక్రాలు తుడిచాక ఆగడం పూర్తిగా పోయింది. గేరు ఆర్డర్ పెట్టాను. బిగించేటప్పుడు ఏమైనా చూసుకోవాలా?

మౌలాలి_షెడ్_రిటైర్డ్:
చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్లు రావాలి, తక్కువైనా ఎక్కువైనా మలుపుల్లో, పాయింట్ల (పట్టా రెండుగా చీలే చోట్ల) దగ్గర పట్టా దిగుతుంది. ఇరుసు ముక్కలు రెండూ లోపల ఒకదానికొకటి తగలకూడదు. చక్రం ఊగకుండా తిరుగుతోందో లేదో కంటి ఎత్తులో పెట్టి చూడు. పాత నూనె మొత్తం ఆల్కహాల్‌తో కడిగి గేర్లకు ప్లాస్టిక్‌ను తినని గ్రీజు అగ్గిపుల్ల కొనతో కొద్దిగా పెట్టు, మోటారు బ్రష్షుల (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కల) దగ్గరికి మాత్రం నూనె చుక్క కూడా పోనివ్వకు. నడిచాక వీడియో పెట్టు బాబూ, చూస్తాను.