గ్లూటెన్ మానాలా, లో-ఫాడ్‌మ్యాప్ చేయాలా?

ప్రశ్న: ఐబీఎస్ (పేగుల పనితీరు గాడి తప్పే దీర్ఘకాలిక సమస్య) అనుమానం. కడుపుబ్బరం, నొప్పి, ఒకరోజు విరేచనాలు, ఇంకోరోజు మలబద్ధకం. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) ఉంటుందని ముందు గోధుమ మానేసి చూడాలా, లో-ఫాడ్‌మ్యాప్ (పేగుల్లో సరిగా అరగక గ్యాస్ పుట్టించే ఫాడ్‌మ్యాప్ అనే పిండిపదార్థాలను తగ్గించే ఆహార పద్ధతి) మొదలుపెట్టాలా?

జవాబు 1: ఆగండి, గోధుమ ఇప్పుడే మానొద్దు. ముందు సీలియాక్ (గ్లూటెన్ తింటే రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీసే జబ్బు) రక్తపరీక్ష (టీటీజీ-ఐజీఏ, మొత్తం ఐజీఏ అనే యాంటీబాడీ పరీక్షలు) చేయించండి. మానేశాక చేయిస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బున్నా నెగటివ్ రావచ్చు. సీలియాక్ అని తేలితే మాత్రం జీవితాంతం గ్లూటెన్ ముట్టకూడదు. 'కొంచెమే కదా' కుదరదు.

జవాబు 2: పైన చెప్పింది కరెక్ట్. పరీక్ష నెగటివ్ అయితే లో-ఫాడ్‌మ్యాప్. గోధుమతో ఐబీఎస్‌వాళ్లకు వచ్చే ఇబ్బందికి చాలాసార్లు కారణం గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం (ఇదీ ఒక ఫాడ్‌మ్యాపే). ఉల్లి, వెల్లుల్లిలోనూ అదే ఉంటుంది. అందుకే గోధుమ ఒక్కటే మానితే ఇబ్బంది పూర్తిగా తగ్గకపోవచ్చు.

2 నుంచి 6 వారాలు ఫాడ్‌మ్యాప్‌లన్నీ తగ్గించాక ఒక్కో ఫాడ్‌మ్యాప్ గుంపునీ (లాక్టోజ్, ఫ్రక్టాన్ లాంటివి) 3 రోజులు తిని పరీక్షించాలి. లాక్టోజ్‌కి (పాలలోని చక్కెర) పాలు: మొదటిరోజు పావు కప్పు, తర్వాత అర, తర్వాత ఒకటి. రెండు మూడు రోజులు విరామమిచ్చి తర్వాతి గుంపు. ఈలోగా మిగతా తిండి లో-ఫాడ్‌మ్యాప్‌గానే ఉండాలి. పాలూ, తేనె (ఇది ఫ్రక్టోజ్ గుంపు) ఒకేరోజు పెట్టేస్తే ఏది పడలేదో తేలదు.

వెల్లుల్లి రుచి కావాలంటే రెబ్బల్ని నూనెలో వేయించి తీసేయండి. ఫ్రక్టాన్ నీళ్లలో దిగుతుంది గానీ నూనెలో దిగదు. సూపులో ఉడికించి తీసేస్తే లాభం లేదు. ఆ నూనె నిల్వపెట్టొద్దు, బొట్యులిజం (ప్రాణాంతకమైన ఆహార విషం) ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు: 6 వారాలకీ తగ్గకపోతే?

జవాబు 1: ఆపేసి మామూలుగా తినండి. పొడిగిస్తే పీచు, కాల్షియం తగ్గుతాయి, పేగుల్లో మేలుచేసే బ్యాక్టీరియాకీ తిండి ఉండదు. మలంలో రక్తం, బరువు తగ్గడం ఉంటే అసలు వారాలు లెక్కపెట్టకండి, వెంటనే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.