సీఏ ఫైనల్ చివరి పేపర్ కనుమ రోజున, పెద్దపండగకి ఊరు వెళ్లడమెలా?

రెండోగ్రూప్_బాకీ అడిగారు:

అందరికీ నమస్కారం. ఉండేది విశాఖలో కూర్మన్నపాలెం, పనిచేసేది ద్వారకానగర్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో. మా ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు. పాపకి నాలుగున్నరేళ్లు.

సీఏ ఫైనల్లో మూడేసి పేపర్ల గ్రూపులు రెండు కదా, మొదటిది కిందటేడే అయిపోయింది. సెప్టెంబర్‌లో రెండో గ్రూప్ రాస్తే డైరెక్ట్ టాక్స్ 42, ఇన్‌డైరెక్ట్ టాక్స్ 61, ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్ 43 వచ్చాయి. ఒక్కో పేపర్లో 40 దాటినా గ్రూప్ మొత్తానికి 300కి 150 రావాలి కదా, నాకు వచ్చింది 146. ఫోన్లో రిజల్ట్ చూసుకునేటప్పటికి పాపకి అన్నం పెడుతున్నాను. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

61 వచ్చిన పేపర్‌కి ఎగ్జెంప్షన్ ఉంది, అంటే వచ్చే మూడు అటెంప్టుల దాకా అది మళ్లీ రాయక్కర్లేదు. కాబట్టి జనవరిలో రెండే పేపర్లు, రెండింట్లో కలిపి 89 తెచ్చుకుంటే చాలు. డైరెక్ట్ టాక్స్ 11న, చివరి పేపర్ 16న. మధ్యలో నాలుగు రోజులు దొరికాయని మొదట సంబరపడ్డాను. తర్వాత క్యాలెండర్ చూస్తే 14 భోగి, 15 పెద్దపండగ, పరీక్ష రోజు కనుమ.

మా అత్తవారిది చీపురుపల్లి దగ్గర ఊరు. మావయ్యగారు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక వస్తున్న మొదటి పెద్దపండగ ఇది. పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఈసారి ఆయన పేరున కూడా పంచె, కండువా పెట్టాలి. నేను పెద్ద కోడలిని. నేను లేకుండా అది జరగడం నాకే ఇష్టం లేదు. నన్ను సీఏ చదవమని పెళ్లిచూపుల్లోనే అన్న మనిషి ఆయన.

చదువుకి నాకున్న వేళ తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరున్నర దాకా. సెలవు దొరికిన రోజు పౌర గ్రంథాలయంలో కూర్చుంటాను. డిసెంబర్ 31 వరకు ఆఫీసులో జీఎస్‌టీఆర్-9ల (జీఎస్‌టీ వార్షిక రిటర్నుల) హడావుడి, ఆలస్యంగా వేసే ఐటీ రిటర్నులకీ అదే గడువు. జనవరి 1 నుంచి తప్ప సెలవు ఇవ్వలేమన్నారు. అందుకే ఆ నాలుగు రోజుల మీద అంత ఆశ పెట్టుకున్నాను.

అత్తయ్యకి పరీక్ష తేదీ ఇంకా చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అరిసెలకి బియ్యం ఎన్ని నానబెట్టాలని అడుగుతారు, నేను ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తాను. మొన్న పాప తన బొమ్మని పక్కగదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, "ఏడవకు, పరీక్ష అయ్యాక ఎత్తుకుంటాను" అంది. ఆ మాట నాదే. రోజుకి ఎన్నిసార్లు అంటున్నానో నాకే తెలియలేదు.

మే అటెంప్టుకి వాయిదా వేసుకోమంటారా? ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

మూడోసారి_గట్టెక్కా:

మే అనకండి మేడమ్. మేలో రాయాలంటే డైరెక్ట్ టాక్స్‌కి వర్తించే ఫైనాన్స్ యాక్టే, అంటే ఆ ఏటి పన్ను సవరణల చట్టమే మారుతుంది. ఇప్పుడు నోటికి వచ్చినవన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. 42 తెచ్చుకున్న చేయి వేడిగా ఉండగానే రాసేయండి.

చివరి పేపర్ సంగతి. అది ఓపెన్ బుక్ (పుస్తకాలు చూసి రాయొచ్చు), నాలుగు గంటలు, అన్నీ కేస్ స్టడీలు. ఆ నాలుగు రోజులూ ఇంట్లోనే కూర్చున్నా కొత్తగా నేర్చుకునేది తక్కువే. ఏ విషయం ఏ పుస్తకంలో ఎక్కడుందో చేతికి తెలియాలి, అంతే. మొదటిసారి నేను సంచి నిండా పుస్తకాలు మోసుకెళ్లాను. ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణంలో ఒక్క పేరా వెతకడానికి పావుగంట పోయింది, చివరి కేస్ చదవకుండానే బెల్ కొట్టారు. రెండోసారి నుంచి పేజీల అంచున సబ్జెక్టుకో రంగు ఫ్లాగులు (చిన్న అంటుచీటీలు) అంటించాను. ఆ పని మీరు డిసెంబర్‌లోనే ముగించండి.

ఊరికి మాత్రం వెళ్లొద్దనే అంటాను. భోగి ముందు రోజుల్లో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కడం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పలాస పాసింజర్‌లోనూ కాలు పెట్టే చోటుండదు. అలసట, జలుబు, నిద్రలేమి, ఏది తగులుకున్నా 16 మధ్యాహ్నం రెండు గంటలకి హాల్లో తెలుస్తుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి:

పైన చెప్పిన ఫ్లాగుల మాట బంగారం. వెళ్లొద్దన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. వెళ్లడమా మానడమా అని మీరొక్కరే లోపల్లోపల తేల్చుకుంటున్నారు చూడండి, బరువంతా అక్కడే ఉంది.

నేను చేసిన తప్పు చెప్తాను. పరీక్షకి పది రోజులుందనగా మా ఆడపడుచు సీమంతం. చదువుకోవాలంటే ఏమనుకుంటారోనని జ్వరమని చెప్పాను. ఆ సాయంత్రం మా అత్తగారు సీమంతం స్వీట్లు పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చారు. ఫ్రిజ్ మీద అడ్మిట్ కార్డు, మంచం మీద పుస్తకాలు. ఆవిడ ఏమీ అనలేదు. డబ్బా అక్కడ పెట్టి, "చెప్తే నేనే వద్దనేదాన్ని కదమ్మా" అని వెళ్లిపోయారు. ఆ మాట పరీక్ష హాల్లో కూడా వినిపించింది. ఆ గ్రూప్ పోయింది.

ఈ రాత్రే ఫోన్ చేయండి. ఏదో కుదరదు అన్నట్టు కాకుండా 11, 16 అని తేదీలు చెప్పండి, 146 కూడా చెప్పండి. నాలుగు మార్కుల బాధ పల్లెటూరి మనిషికి అర్థం కాదనుకోకండి.

పాపకి "పరీక్ష అయ్యాక" అనడం మానేయండి. అది ఎప్పుడో దానికి తెలియదు కదా. గోడ క్యాలెండర్‌లో 16 మీద ఒక బొమ్మ వేయించి, రోజూ రాత్రి ఒక గడి దాని చేతే కొట్టించండి. అలాగే ఫోనూ పుస్తకమూ దగ్గర లేని అరగంట రోజూ దానికే ఇవ్వండి. మా పెద్దదానికి అది తల దువ్వి జడ వేసే వేళ. పరీక్ష రోజుల్లో కూడా ఆ అరగంట తీసేయలేదు.

సి_షిఫ్ట్:

చెల్లెమ్మా, నేను సీఏ కాదు. షిఫ్ట్ పనివాడిని, మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తూ పరీక్షలు రాసింది. ఇందాకటి నుంచి చదువుతున్నాను, ఎవరూ మీ ఆయన సంగతి అడగలేదు.

ఆయన జనవరి షిఫ్ట్ చార్ట్ తెచ్చి మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. పండగకి డ్యూటీ మార్చుకోవాలంటే ఇప్పుడే అడగాలి, వారం ముందు అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నేను నాలుగు రోజుల కోసం తోటివాడికి తర్వాత రెండు నైట్లు చేసిపెట్టాను. పాపకి స్నానం, టిఫిన్, స్కూలు ఆయనకి అప్పజెప్పండి. మొదటి వారం జడ వంకరగానే వస్తుంది, మీరు మధ్యలో లేచి సరిచేయకండి.

ఒకవేళ 15న వెళ్లి వచ్చేటట్టయితే బైక్ మీద వద్దు. ఆ రోజుల్లో తెల్లవారుజామున హైవే మీద మంచు బాగా పడుతుంది. కారు మాట్లాడుకుని, వెనక సీట్లో పడుకుని వెళ్లండి.

రెండోగ్రూప్_బాకీ:

అందరికీ దండాలు. నిన్న రాత్రి అత్తయ్యకి ఫోన్ చేశాను. 146 అని చెప్పేసరికి నాకే ఏడుపొచ్చింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదేటమ్మా, ఇన్నాళ్లూ చెప్పలేదేటి? పెద్దలకి పెట్టుకోవడం పన్నెండు గంటల్లోపు అయిపోద్ది. వంట చిన్నకోడలు చూసుకుంటాది. నువ్వొచ్చి మావయ్యకి దండం పెట్టుకుని, ఓ ముద్ద తినేసి ఎల్లిపో" అన్నారు.

మా ఆయన డ్యూటీ మార్చుకోవడానికి అడిగారు, కుదిరింది. పాపని తీసుకుని 13నే వెళ్తారు. నేను 15 తెల్లవారుజామున కారులో వెళ్లి, మధ్యాహ్నం బయల్దేరి చీకటి పడకముందే వచ్చేస్తాను. అంటే భోగి సాయంత్రం పాపకి భోగిపళ్లు పోసేటప్పుడు నేను ఉండను. వచ్చే పండగకి దానికి ఐదు నిండిపోతాయి, మా ఇంట్లో ఆ తర్వాత పోయరు. అది మాత్రం ఎటు సర్దినా సర్దుకోలేదు. వీడియో కాల్‌లో చూస్తాను.

క్యాలెండర్ మీద 16వ తేదీన పాప ఆవు బొమ్మ వేసింది. కనుమ కదా అని వాళ్ల నాన్న చెప్పారట.

ఫ్లాగుల పని మా ఆడపడుచు కూతురు తీసుకుంది, ఇక్కడే హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఈ ఆదివారం వచ్చి నేను పేజీ నంబర్ చెప్తుంటే అంటిస్తుందట. డైరెక్ట్ టాక్స్‌కి ఎరుపు అనుకున్నాం. మా దగ్గర షాపులో ఎరుపు అయిపోయాయి, డాబాగార్డెన్స్‌లో చూసి తెస్తానంది.