స్ప్లెండర్ వెనక షాకప్ ఒకవైపే కారుతోంది: ఒక్కటి మార్చాలా, జత మార్చాలా?

తెనాలి_స్ప్లెండర్:
హీరో హోండా స్ప్లెండర్, 2003 మోడల్. ఎడమ షాకప్ రాడ్డు దగ్గర ఆయిల్ కారి మట్టి పేరుకుంటోంది. కుడిది పొడిగానే ఉంది. షాపులో ఒక్కటి ఇవ్వరట, జతే కొనాలట. మెకానిక్ సీలు మార్చి ఆయిల్ నింపిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

స్పానర్_14:
జత మార్చండి. ఇందులో ఆలోచించడానికేం లేదు.

గోదారి_గాలి:
ఎందుకు లేదండీ? బరువు మోసేది స్ప్రింగు, ఊగకుండా ఆపేది లోపలి డ్యాంపరు. ఆయిల్ కారిందంటే పోయింది ఎడమ డ్యాంపరు ఒక్కటే. కుడిది బండితో వచ్చిన అసలు పార్టు అయితే దాన్ని పారేసి, ఎవరు చేశారో తెలియని జత తెచ్చి వేయడం నష్టం. అదే మోడల్‌ది ఒక్కటి సంపాదించి వేయండి, కింద స్ప్రింగు బిగువు మార్చే అడ్జస్టరు రెండువైపులా ఒకే మెట్టులో పెట్టండి.

స్పానర్_14:
ఒకవైపు కొత్త డ్యాంపరు గట్టిగా ఆపుతుంది, రెండోవైపు ఇరవై ఏళ్ల డ్యాంపరు వదిలేస్తుంది. గుంటలో పడ్డ ప్రతిసారీ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం) ఒక పక్కకు మెలి తిరగాలని చూస్తుంది, ఆ భారమంతా అది ఫ్రేముకు తగిలే చోట ఉండే బుష్‌ల మీదే. పైగా పాత స్ప్రింగు కుంగి పొట్టిదై ఉంటుంది.

గోదారి_గాలి:
స్ప్రింగు కుంగినా షాకప్ పొడవు మారదు. పూర్తిగా చాచినప్పుడు కన్ను నుంచి కన్నుకు (రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య) ఎంత ఉండాలో తేల్చేది డ్యాంపరు రాడ్డు. ఇక మెలి సంగతి: స్వింగ్ ఆర్మ్ ఒకే ముక్కగా వెల్డ్ చేసిన గొట్టం, అంత తేలిగ్గా మెలి తిరగదు. మలుపులో వెనక తేలిపోతోందంటే ముందు అనుమానించాల్సింది బుష్‌నే. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని కుడికీ ఎడమకీ లాగండి. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా కదిలితే బుష్ పోయింది. ఆర్మ్ కదలక చక్రమే ఆడితే వీల్ బేరింగ్. ఇది చూడకుండా షాకప్ మార్చితే డబ్బు దండగ.

లేత్_పని:
రీఫిల్లింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఈ షాకప్ నోరు ఫ్యాక్టరీలోనే మడిచి మూసేస్తారు, విప్పడానికి చేసింది కాదు. లేత్ మీద కోసి, మరలు వేసి, కొత్త సీలు పెడతారు. మళ్లీ కారడానికి కారణాలు ఇవి. రాడ్డు క్రోమ్ మీద తుప్పు చుక్కలుంటే అవి కొత్త సీలు అంచును కోసేస్తాయి. గోరుతో నిలువుగా గీసినప్పుడు గోరుకు గరుకు తగిలితే ఆ రాడ్డుకు సీలు వేయడం వృథా. రెండోది, చాలామంది చేతికి దొరికిన 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పోస్తారు. అది చిక్కన, షాకప్ బిగుసుకుపోతుంది. వేయాల్సింది 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్. మూడోది, నిండా పోయడం. రాడ్డు లోపలికి దిగినప్పుడు అది పట్టేంత చోటు కావాలి. గాలి ఖాళీ వదలకపోతే మొదటి పెద్ద గుంటకే సీలు బయటికి తన్నుకొస్తుంది.

మియాపూర్_100సీసీ:
షాకప్ నట్లు పూర్తి బిగింపు బండి చక్రాల మీదకు దించాకే. స్టాండ్ మీద బిగిస్తే షాకప్ కన్నులోని బుష్ రబ్బరు మెలిపడుతుంది.

స్పానర్_14:
షాకప్ కోణం మారేది కొంచెమే. స్టాండ్ మీద బిగించినా ఏమీ కాదు.

మియాపూర్_100సీసీ:
ఏమీ కాదంటే ఎలా? ఆ బుష్ లోపలి గొట్టం వాషర్ల మధ్య బిగుసుకున్నాక తిరగాల్సింది రబ్బరే. దించి బిగించడానికి ఒక నిమిషం పడుతుంది.

స్పానర్_14:
అసలు ప్రశ్న వదిలేసి నట్టు పట్టుకున్నారు. అడిగింది ఒకటా, రెండా అని.

గోదారి_గాలి:
మీరైతే మొదటి నుంచీ జత, జత అంటున్నారు. ఒక్కటి అమ్మని షాపుల మాట కూడా ఇదే. కొనేవాడి జేబు గురించి ఆలోచించరా?

స్పానర్_14:
నేను పార్టులు అమ్మేవాణ్ని కాదు. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, హ్యాండిల్‌కు సంచులు తగిలించుకుని తిరిగే బండి ఇది. ఆ కుడి షాకప్ బాగుందని మీకెలా తెలుసు? కారడం లేదంతే. కారకపోయినా లోపల వాల్వు అరిగిపోవచ్చు, ఆయిల్ పలచబడిపోవచ్చు. బండి మీద సీటు నొక్కి వదిలితే రెండు షాకప్‌లూ కలిసి చెప్పే జవాబే వస్తుంది.

గోదారి_గాలి:
ఇది ముందే అనాల్సింది. నా భయం కొత్త జత నాసిరకమని, మీ భయం పాతది చచ్చిందని. అయితే కుడిదాన్ని బయటికి తీసి చూడాలి. స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు, స్ప్రింగ్ కంప్రెసర్‌తోనే స్ప్రింగు తీయించాలి. తాడు కట్టి, తీగ చుట్టి తీసే పని వద్దు, జారితే వేళ్లు పోతాయి. తర్వాత డ్యాంపరును బండి మీద ఎలా నిలబడుతుందో అలాగే పట్టుకుని నాలుగైదు సార్లు నొక్కి లాగాలి, పక్కకు పడుకోబెట్టి ఉంటే లోపల చేరిన గాలి పైకి పోతుంది. లోపలికి కాస్త సులువుగా వెళ్లాలి, లాగేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో రావాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారితే అదీ పోయినట్టే, జత కొనండి. లేకపోతే ఒక్కటి చాలు.

స్పానర్_14:
ఈ పరీక్షకు ఒప్పుకుంటా. అనుమానం ఉంటే మాత్రం జతే.

తెనాలి_స్ప్లెండర్:
షాకప్ పై నట్టు తుప్పు పట్టి కదలడం లేదు. శారీ గార్డు కూడా దానికే బిగించి ఉంది.

స్పానర్_14:
బలం పెట్టకండి. పైన ఫ్రేముకు ఉండే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) తెగితే పని వెల్డింగ్ దాకా పోతుంది. వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించి, అలా కదపాలి. శారీ గార్డు తీశాక వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఫోటో తీసుకోండి. రెండు షాకప్‌లూ ఒకేసారి విప్పొద్దు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం కింద చెక్క పెట్టి, ఒకటి తీసి బిగించాకే రెండోది. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి కన్ను నుంచి కన్నుకు కొలవండి. పల్సర్‌వి స్టైల్‌గా ఉన్నాయని వేయకండి. పొడవు ఎక్కువైతే సెంటర్ స్టాండ్ మీద కూడా చక్రం నేలకు తగులుతుంది. చివర్లో గొలుసు బిగువు మళ్లీ చూడండి, వెనక ఎత్తు మారితే అదీ మారుతుంది.

మియాపూర్_100సీసీ:
నట్లు బండి దించాకే బిగించండి.

గోదారి_గాలి:
వీటన్నిటికంటే ముందు ఆ చక్రం పక్కకు లాగి చూడండి. బుష్ ఆడుతుంటే షాపులో షాకప్ ధర అడగక్కర్లేదు, ముందు ఆ పని చేయించండి.