పూడిమడక హైడ్రోజన్‌కి నీళ్లెక్కడివి?

రైతుబిడ్డ: అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకి 1,500 టన్నులట. నీళ్లని కరెంటుతో విడగొట్టి తీసేదే కదా ఈ హైడ్రోజన్! ఏలేరు కాలువ మీద ఇప్పటికే స్టీల్ ప్లాంటూ, విశాఖ నగరమూ ఉన్నాయి. ఇప్పుడు ఇదొకటా?

ఓల్టుమీటరు: కంగారు పడకండి, లెక్క చూద్దాం. కిలో హైడ్రోజన్‌కి కనీసం 9 లీటర్లు, ఎవరు చేసినా అంతే. ఆ నీళ్లలో లవణాలేవీ ఉండకూడదు కాబట్టి శుద్ధి చేయడంలో కొంత పోతుంది. నీళ్లని విడగొట్టే యంత్రం, అదే ఎలక్ట్రోలైజర్, వేడెక్కుతుంది, చల్లబరచడానికి కూలింగ్ టవర్ పెడితే అక్కడ ఆవిరైపోయేది ఇంకొంత. అన్నీ కలిపి 20 నుంచి 30 లీటర్లు అనుకోండి. 30 వేసుకున్నా రోజుకి 4.5 కోట్ల లీటర్లు, ఏడాదికి 0.6 టీఎంసీ లోపే. వరికి పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. అంటే 3,400 ఎకరాల వరి తాగే నీళ్లు. దీనికా ఇంత గోల?

రైతుబిడ్డ: వరికి మే నెలలో నీళ్లక్కర్లేదన్నా, ఫ్యాక్టరీకి కావాలి. ఏడాది మొత్తానికి సగటు తీస్తే అన్నీ చిన్నగానే కనిపిస్తాయి. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లన్నది ప్రభుత్వం లెక్కే. మీ 4.5 కోట్లని దాంతో భాగించండి. 3.3 లక్షల మంది! విజయనగరం టౌన్ కంటే ఎక్కువ. మండు వేసవిలో కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎవరి వాల్వు కడతారో మనకి తెలీదా?

రిఫైనరీ_రాజు: చిన్న మాట. రిఫైనరీల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో సహజ వాయువు నుంచి తీసే హైడ్రోజన్ కూడా ఆవిరి లేకుండా రాదు. కిలోకి 4.5 లీటర్లు అందులోకే పోతాయి, బాయిలర్లూ కూలింగూ వేరే. నీళ్ల ఖర్చు కొత్తగా పుట్టిందేం కాదు.

ఓల్టుమీటరు: రైతుబిడ్డ గారూ, మే నెల మాట ఒప్పుకుంటా. కానీ ప్లాంటు ఉన్నదే సముద్రం ఒడ్డున. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేయడానికి (డీశాలినేషన్‌కి) వెయ్యి లీటర్లకి 3-4 యూనిట్ల కరెంటు. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైనే. అందులో 30 లీటర్ల డీశాలినేషన్ ఖర్చు 0.1 యూనిట్. ఇక కాలువ నీళ్లు అడగడానికి సాకు ఏముంది? కూలింగ్‌కైతే ఉప్పునీళ్లే చాలు, పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం చేస్తున్నది అదే.

వలగంప: మీరిద్దరూ ఒడ్డు మీదే మాట్లాడుతున్నారు. సముద్రపు నీళ్లు తోడితే అందులో 40 శాతం మంచినీళ్లవుతాయి, మిగతా 60 శాతం చిక్కటి ఉప్పునీళ్లై మళ్లీ మా సముద్రంలోకే. ఆ లెక్కన మీ 4.5 కోట్లకి దాదాపు 7 కోట్ల లీటర్లు రోజూ. మామూలు నీళ్ల కంటే బరువు కాబట్టి అది అడుగుకి దిగుతుంది. పీతలూ రొయ్యలూ ఉండేది అడుగునే. పైపు తీరానికి దగ్గరగా వేస్తే చిన్న పడవలవాళ్లం ఏం కావాలి? లోతులోకి తీసుకెళ్లి, చివర చిల్లుల పైపుతో చెదరగొట్టి వదిలితే ప్రభావం తగ్గుతుంది. కానీ అది ఖర్చు. ఆ ఖర్చు తగ్గించుకోవాలనే చూస్తారు ఎవరైనా.

ఓల్టుమీటరు: అది న్యాయమైన మాట. కూలింగ్‌కి ఉప్పునీళ్లు వాడితే మంచినీళ్లుగా మార్చాల్సింది బాగా తగ్గి, మీరు చెప్పిన 7 కోట్లు సగానికి పడొచ్చు. కూలింగ్ నుంచి తిరిగొచ్చే నీళ్లు మాత్రం వేరే లెక్క, ఉప్పుతో పాటు వేడి కూడా ఉంటుంది.

రైతుబిడ్డ: సరే, సముద్రం నీళ్లే అనుకుందాం. డీశాలినేషన్ ప్లాంటు పాడై వారం రోజులు ఆగితే? ఆ వారం హైడ్రోజన్ ఆపుతారా, ఏలేరుకి పైపు తిప్పుతారా? నాకు ఈ ఒక్కదానికి రాతపూర్వకంగా జవాబు కావాలి.

వలగంప: ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నువ్వు అది అడుగు తమ్ముడూ. పైపు ఎంత దూరం వేస్తారో నేను అడుగుతా.